చెయ్యి వదిలిందెవరు?

కిందటి వారం ఇస్త్రీ అక్క నోరు తెరిచిన చోట ఆపాం. పాపం, వారమంతా ఆ నోరు తెరిచే ఉంది. ముందు ఆ సంగతి చూద్దాం.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మతిమరుపు మీకు మాత్రం లేదా ఏమిటి? ఇది బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణం. కింద అమ్మకం, మేడమీద కుట్టుపని. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న పెద్దావిడ గుండీలమ్మ. చూపు పోయింది, వెలుతురూ నీడా తప్ప మరేం తెలియవు. సూదిలో దారం ఎక్కించి ఇస్తే మాత్రం వేళ్ళతోనే చోటు వెతుక్కుని గుండీ కుట్టేస్తుంది. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకు ఒక్క చొక్కా వెనక్కి రాలేదు. ఆమెకు ఎదురుగా మిషను మీద కాలర్లు కుడుతున్నది కోడలు. కొడుకు పోయాక అత్తాకోడళ్ళిద్దరే ఒకే ఇంట్లో ఉంటున్నారు.

సాయంత్రాలు ఆ ఇద్దరూ టీవీ ముందు కూర్చుని "పట్టిన చెయ్యి" చూస్తారు. మాటలున్నంతసేపూ గుండీలమ్మకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మాటలు ఆగి సంగీతం మొదలైతే మాత్రం, "ఏం చేస్తున్నారే?" అని అడుగుతుంది, కోడలు చెబుతుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ దుకాణం దుకాణమంతా ఆ కథ మీద తగువులాడుకుంటుంది. అందులో గుండీలమ్మదే పెద్ద గొంతు.

ఆ సీరియల్ కథ కూడా తెలియాలి మరి. చనిపోతున్న మొగుడి చెయ్యి పట్టుకుని, "వదలను" అని ఒట్టేసింది ఒక ఇల్లాలు. దాంతో ఆయన పోలేకపోయాడు. చీకటి పడేసరికి నీడగా వస్తాడు, చెయ్యి చాస్తాడు, ఆమె పట్టుకుని కూర్చుంటుంది. ఆ లోకానికి ఒక నియమం ఉంది. ఆయనంతట ఆయన చెయ్యి వదిలితే రుణం తీరినట్టు, హాయిగా వెళ్ళిపోతాడు. ఆమె వదిలిందో, ఆయన ఆమెను మరిచిపోతాడు, తన పేరు కూడా మరిచిపోయి గాలికి తిరుగుతాడు. ఈలోగా ఒక పంతులుగారు, ప్రాణమున్న మనిషి, ఆమె కోసం గేటు బయట ఎదురుచూస్తున్నాడు.

మన కథలోనూ ఒకాయన ఎదురుచూస్తున్నాడు. కటింగ్ మాస్టారు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని కోడల్ని అడిగాడు. "అత్తయ్య ఒప్పుకుంటేనే" అంది ఆమె. ఆ మాట అత్తయ్యతో అనడానికి ధైర్యం చాలక, సీరియల్‌ని కాస్త అటూ ఇటూ సర్ది చెప్పడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం ఆ ఇల్లాలి చెయ్యీ ఆయన చెయ్యీ విడిపోయాయి. ఒక్క మాట లేదు, అంతా వయొలిన్. "ఆయనే వదిలాడు అత్తయ్యా, నవ్వుతూ వదిలాడు" అని కోడలు చెప్పింది. గుండీలమ్మ తృప్తిగా నిద్రపోయింది. ఇవాళ భోజనాలకు కాస్త ముందు, "ఆయనే వదిలేశాక ఇంక ఆ పిల్ల తప్పేముంది?" అని అందరి ముందూ తీర్పు చెప్పేసింది.

ఇస్త్రీ అక్క నోరు తెరిచింది.

"ఏ సీరియల్ చూశావు పిన్నీ నువ్వు?"

"మీరు చూసిందే. నాకోసం వేరే వేస్తారా?"

"ఆయన వదలడమేంటి! ఆవిడే వదిలింది. చిటికెన వేలు దగ్గర మొదలెట్టి ఒక్కొక్క వేలూ విప్పింది మహాతల్లి. ఆయన కళ్ళ వెంబడి నీళ్ళు. దయ్యం ఏడవడం నా జన్మలో చూళ్ళేదు. నాకు రాత్రి ముద్ద దిగలేదు."

"నీకు ముద్ద దిగకపోవడమా!" అంది గుండీలమ్మ. "ఇస్త్రీ పెట్టె ఆవిరి కళ్ళలోకి పోయినట్టుంది. మొహం కడుక్కుని రా."

అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు. కాలరు ఒక పక్క కుట్టి రెండో పక్క తిప్పడం మరిచిపోయి, కుట్టిన చోటే మళ్ళీ కుడుతోంది.

దుకాణం యజమానురాలు లెక్క చూసుకుంటున్న చోటి నుంచి తలెత్తింది. ఓనరమ్మ అంటే ఎవరికీ భయం లేదు, సీరియల్ విషయంలో అసలు లేదు. ఆమెకు ఆ ఇల్లాలంటే మొదటినుంచీ ఇష్టం.

"వదిలితే వదిలింది. ఎన్నాళ్ళు కూర్చుంటుంది పాపం? బతికున్న మనిషిని చచ్చినవాడికి కాపలా పెట్టడం ఏం న్యాయం?" అంది.

"న్యాయం సంగతి తర్వాత ఓనరమ్మా. ఒట్టేసింది కదా? ఎవరు వెయ్యమన్నారు? ఆయన అడిగాడా?" అని ఇస్త్రీ అక్క చేతిలో చొక్కా పక్కన పడేసింది. "పైగా ఏమవుతుందో తెలిసి వదిలింది. పేరు కూడా మరిచిపోయి తిరుగుతాడు ఆ మానవుడు. ఆవిడ మాత్రం పంతులుగారి పక్కన సుఖంగా ఉంటుంది. మొగుడు దయ్యమైతే మొగుడు కాకుండా పోతాడా?"

"అయితే ఆయన వదలొచ్చుగా? ఆ నియమం ఆయనకీ తెలుసు. భార్య బతుకు బుగ్గవుతోందని తెలిసీ రోజూ వచ్చి చెయ్యి చాచాడు. ఆ మంచితనమేంటో నాకర్థం కాదు."

"ప్రేమ ఓనరమ్మా, ప్రేమ."

"నీ మొగుడు రోజూ వచ్చి చెయ్యి పట్టుక్కూర్చుంటే నువ్వేం చేస్తావో చూడాలి."

"మా ఆయనా? బతికుండగానే పట్టుకోడు, చచ్చాక పట్టుకుంటాడా!"

మళ్ళీ నవ్వులు. ఇలాంటి తగువులో గుండీలమ్మ ఎప్పుడూ వెనక ఉండదు. ఇవాళ మాత్రం ఆమె ఆ నవ్వుల్లో కలవలేదు. ఓనరమ్మ కూడా "వదిలితే వదిలింది" అనడం ఆమె చెవిన పడింది. ఒకరు పొరబడితే ఆవిరనుకోవచ్చు. ఇద్దరూ ఒకే రకంగా పొరబడరు.

"ఓనరమ్మా, నువ్వు నీ కళ్ళతో చూశావా?"

ఓనరమ్మ లోకం తెలిసిన మనిషి. అత్తవైపు చూసింది, కోడలివైపు చూసింది, ఏదో ఉందని గ్రహించింది. "మధ్యలో ఫోనొచ్చింది, సరిగ్గా చూళ్ళేదు" అని మళ్ళీ తల దించుకుంది.

"సరే. మాస్టారూ, మీరు చెప్పండి."

గది అవతలి మూల కత్తిరించే బల్ల దగ్గర కటింగ్ మాస్టారు కత్తెర కింద పెట్టాడు. ఈ మనిషి గురించి దుకాణంలో ఒక మాటుంది. ఆయన కొలత చెబితే మళ్ళీ టేపు పెట్టాల్సిన పని లేదు. కొలతే కాదు, దేని గురించీ ఆయన తప్పు చెప్పడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకపోవడం వల్ల అలవాటు కాలేదు, అంతే. అవసరం ఇవాళ వచ్చింది, అలవాటు లేదు.

"నిన్న... మా వైపు కరెంటు పోయిందమ్మా."

"మీదీ మాదీ ఒకే వీధి. మా టీవీ భేషుగ్గా ఆడింది."

"అంటే, పూర్తిగా పోలేదు. కాస్త..."

"కాస్త పోయే కరెంటు కూడా వచ్చిందా? మాస్టారూ, చిన్న ప్రశ్న. చెయ్యి వదిలింది ఆయనా, ఆమా?"

మాస్టారు నుదుటన చెమట పట్టింది. ఆయన చూపు కాలర్ల మిషను మీదికి పోయింది. కోడలు కళ్ళతోనే బతిమాలుకుంటోంది. "ఆయన" అని చెబితే గుండీలమ్మను మోసం చేసినట్టు. "ఆమె" అని చెబితే కోడల్ని అందరి ముందూ నిలబెట్టినట్టు. రెండూ చేతకాక, మునిగేవాడు గట్టు కోసం చెయ్యి చాచినట్టు, కోడలితో అన్నాడు:

"నువ్వే చెప్పు."

అన్నది రెండే మాటలు. కానీ ఈ దుకాణంలో చేరిన నాటి నుంచి ఆయన ఆడవాళ్ళెవరినీ "మీరు" తప్ప ఇంకో మాట అనలేదు. ఇస్త్రీ అక్క ఆయన ముందు ఎంత పోట్లాడినా "మీరు కాస్త తగ్గండి" అనే అంటాడు. కోడల్నీ నిన్నటిదాకా "మీరు ఆ కాలర్లు ఇవ్వండి" అనే అన్నాడు. ఆ "నువ్వు" ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎన్నాళ్ళ సాధన వెనకుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైపోయింది. మిషన్లు ఆగాయి. మనం ఇందాకే కష్టపడి మూయించిన ఇస్త్రీ అక్క నోరు మళ్ళీ తెరుచుకుంది.

గుండీలమ్మ సూదిని పీట పక్కనున్న గుడ్డకు గుచ్చింది. తొందరేం లేదు ఆమెకు.

"ఎప్పట్నుంచి మాస్టారూ, మా అమ్మాయి మీకు నువ్వయింది?"

మాస్టారు నోరు తెరిచేలోపే ఓనరమ్మ లేచి నిలబడి, "పదండి, పదండి, ఇవాళ అందరం కింద తిందాం" అని గదమాయించింది.

"నాకు మోకాళ్ళ నొప్పులు ఓనరమ్మా, మెట్లు దిగలేను. నేనిక్కడే ఓ మూల..." అంది ఇస్త్రీ అక్క.

"పొద్దున రెండేసి మెట్లు ఎక్కావు. నడు."

ఇస్త్రీ అక్క వెళ్ళింది, వెనక్కి చూస్తూ వెళ్ళింది. అందరికంటే చివర మాస్టారు మిగిలాడు. గుండీలమ్మ ఎదుటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. ఆమెనేమీ అనకండి. ముందు అడిగింది నేనే."

"అడగడం తప్పని ఎవరన్నారు? మీ వంతు తర్వాత వస్తుంది, ముందెళ్ళి భోంచెయ్యండి" అంది గుండీలమ్మ. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు మరింత భయమేసింది. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు.

మేడమీద ఇద్దరే మిగిలారు. కోడలు మిషను దగ్గర నుంచి లేచి వచ్చి, అత్తగారి పీట పక్కన నేల మీద చతికిలబడింది.

"ఆమే వదిలింది అత్తయ్యా."

"ఆ ముక్క తెలిసింది. ఇంకేమేం మార్చావు?"

"పెద్దగా ఏం లేదు..."

"పెద్దవీ చిన్నవీ నేను ఏరుకుంటాను. నువ్వు చెప్పు."

కోడలు చెప్పింది. పంతులుగారు గేటు బయట నిలబడ్డ రోజు ఆ ఇల్లాలు మొహం తిప్పుకుందని చెప్పింది గానీ నిజానికి తిప్పుకోలేదు, చాలాసేపు చూసింది. దయ్యం మొగుడు పంతులుగార్ని చూసి దీవించినట్టు చెయ్యెత్తాడని చెప్పింది గానీ, ఎత్తింది దీవించడానికి కాదు, ఆ చేత్తో దీపం విసిరేశాడు.

"దీపం పగిలిన చప్పుడు నేను విన్నాను. పిల్లి తోసిందన్నావు."

"అవునత్తయ్యా."

"ఆ ఇంట్లో పిల్లే లేదు కదే! అప్పుడే అనుమానం రావాలి నాకు. సరే, మరి ఆ పిల్ల అత్తగారు? పోయిన వారం కోడలు బయటికి వెళ్తానంటే లేచి తలుపు తీసిందన్నావే? గొళ్ళెం చప్పుడు కూడా విన్నాను."

కోడలు నేల మీది దారం ముక్క ఒకటి ఏరింది.

"తియ్యలేదు అత్తయ్యా. అది గొళ్ళెం పెట్టిన చప్పుడు."

తీసినా పెట్టినా గొళ్ళేనికి ఒకటే చప్పుడు. గుండీలమ్మ మొహం మొదటిసారిగా వాడింది. ఆ పోయిన వారమంతా ఆమె ఆ సీరియల్ అత్తగారిని దుకాణంలో ఎంతగా మెచ్చుకుందో! "అత్తంటే అలా ఉండాలి" అని ఇస్త్రీ అక్కకు పాఠం చెప్పింది. వాళ్ళంతా ఏమనుకున్నారో మరి, పెద్దావిడ కదా అని ఊరుకున్నారు.

"అంటే నాకు మంచి అత్తగారు ఎలా ఉండాలో నేర్పుదామనుకున్నావు. టీవీలో చూపించి, చిన్నపిల్లకి చెప్పినట్టు." ఈసారి ఆమెకు కోపం వచ్చింది. "ఎందుకే? నేను నీకు గొళ్ళెం పెడతాననుకున్నావా? ఇన్నేళ్ళు ఒక కంచం దగ్గర కూర్చుని తిన్నాక, నా గురించి నువ్వనుకున్నది అదా? అబద్ధం చెప్పావని కాదు నా బాధ. అడిగితే నేను కాదంటానని ముందే తీర్మానించేశావు చూడు, అది బాధ."

కోడలు ఆమె మోకాళ్ళ మీద తల ఆనించింది. "భయమేసింది అత్తయ్యా. మీరు కాదంటారని కాదు. నా కొడుకుని మరిచిపోయావా అని ఒక్కమాట అంటారేమోనని. ఆ మాట అంటే నేనింక ఎవర్నీ చేసుకోలేను."

గుండీలమ్మ కిటికీ వెలుతురు వైపు మొహం తిప్పింది. తర్వాత ఆమె అన్న మాటలు ఆ దుకాణంలో సీరియల్ మీద ఇంతవరకు ఎవరూ అనలేదు.

"ఆయన ఏడుస్తుంటే ఆ పిల్ల ఏం చేసింది? మొహం తిప్పుకుందా? ఈసారి నిజం చెప్పు."

"లేదు. ఆయన కళ్ళలోకి చూస్తూనే విప్పింది. ఆఖరి వేలు విప్పాక కూడా చూస్తూనే ఉంది."

"ఇంకేం మరి! ఆ పిల్లకి ఎంత గుండె ఉండాలి? ఆయన వదిలితే ఆమె చేసిందేముంది, ఊరికే బయటపడింది. అందరికీ నచ్చేది అదే, నాకూ నిన్న అందుకే నచ్చింది. ఆమె పాపం తనే నెత్తిన వేసుకుంది. చేసిన పని ఒప్పుకుని, ఆయన మొహం చూస్తూ చేసింది. ఆ పిల్ల గొప్పంతా తీసి నువ్వు దయ్యానికిచ్చావు. ఇస్త్రీ అక్కని రానీ, ఇవాళ దాని సంగతి చెప్తాను."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మాస్టారు మంచివాడే" అంది గుండీలమ్మ. "నోట్లో అబద్ధం నిలవదు. కాస్త పోయే కరెంటు! అలాంటివాడితో కాపురం సుఖంగా ఉంటుంది, ఏం దాచలేడు. చేసుకో. నా అడ్డేం లేదు. నన్నెక్కడ ఉంచుతారు ఏంటనేది మీరిద్దరూ కూర్చుని నాకు చెప్పండి, నచ్చకపోతే అప్పుడు పోట్లాడతాను."

ఎన్ని నెలలుగానో గొంతులో అడ్డుపడ్డది ఇంత తేలిగ్గా దిగిపోతుందని కోడలు అనుకోలేదు. అత్తగారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె సంతోషం నిజమైనది, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కింద నుంచి ఇస్త్రీ అక్క గొంతు వినబడుతోంది, ఇల్లాలిదే తప్పని ఎవరితోనో వాదిస్తోంది.

గుండీలమ్మ చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

"పెళ్ళి సంగతి అయిపోయింది. ఇంకొకటి అడుగుతాను. మాటల్లేని చోటల్లా నాకు నువ్వే కదా చెప్పేది?"

"అవునత్తయ్యా."

"ఆసుపత్రిలో కూడా మాటల్లేవు."

కోడలు తల ఎత్తింది.

"నా కొడుకు గొంతులో గొట్టం వేశారు. మాట్లాడలేడు. నాకు కనపడదు. మంచం కదిలిన చప్పుడు విన్నాను. ఏం చేస్తున్నాడే అని అడిగాను నిన్ను." గుండీలమ్మ ఒక్కొక్క మాటా ఏరుకుంటున్నట్టు చెబుతోంది. "అంతకుముందు వాడికీ నాకూ మాటలు లేవు. రాత్రిళ్ళు లారీ తోలొద్దురా అంటే వినలేదు. నా మాట కాదన్నవాడి మొహం చూడను పొమ్మన్నాను. తర్వాత చూద్దామన్నా కళ్ళు లేకుండా పోయాయి. అలాంటిది, నువ్వు ఆ రోజు ఏమన్నావు? చెయ్యి ఊపుతున్నాడు అత్తయ్యా, మిమ్మల్ని దగ్గరికి రమ్మంటున్నాడు అన్నావు. నేను తడుముకుంటూ వెళ్ళి వాడి నుదుటి మీద చెయ్యి పెట్టాను. వాడు నన్ను క్షమించాడనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ముక్క పట్టుకునే బతికాను."

"అత్తయ్యా..."

"రమ్మన్నా ఊపేది ఆ చెయ్యే, పొమ్మన్నా ఊపేది ఆ చెయ్యే. చూసింది నువ్వొక్కదానివి. అది కూడా నా మంచికోసం సర్ది చెప్పావా? చెప్పు. వాడు రమ్మన్నాడా, పొమ్మన్నాడా?"

ఇక్కడ ఒక్క మాట చాలు. "రమ్మన్నాడు" అంటే గుండీలమ్మ నమ్ముతుంది, నమ్మాలనే కూర్చుంది. కాదనడానికి ఆ ఆసుపత్రి గదిలో ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు ఇక్కడ లేరు. కోడలి బతుకులో అంత సులువైన అబద్ధం ఇంకోటి దొరకదు, అంత పుణ్యమైనదీ దొరకదు.

కోడలు భుజానికేసి మొహం తుడుచుకుంది. అత్తగారి మొహంలోకి సూటిగా చూసింది.

"పొమ్మన్నాడు అత్తయ్యా."

గుండీలమ్మ వెనక్కి జరిగింది. ఒళ్ళోని చొక్కా జారి నేల మీద పడింది. కోడలు ఆమె చేతులు వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"కానీ పొమ్మన్నది మిమ్మల్ని కాదు. నా చెయ్యి తనే వదిలి, నన్ను."